ఇంట్లో ఒకరికి వైరల్ జ్వరం వస్తే వయసు చూసి ఎవరిని ఎలా కాపాడుకోవాలి?

"బాబుకి జ్వరం, దగ్గు. ఇంట్లో మూడు నెలల పాప ఉంది, డెబ్బై దాటిన మామగారున్నారు. ఎవరిని వేరే గదిలో పెట్టాలి?" మాటలు కొంచెం మారతాయి గానీ నన్ను పదే పదే అడిగేది ఇదే. జబ్బు చేసినవాళ్లనే వేరుగా పెట్టాలని అందరం ఠక్కున చెప్పేస్తాం. ఆ జబ్బు నాలుగేళ్లవాడికి వస్తే? వాణ్ని గదిలో పెట్టి తలుపేస్తే ఐదు నిమిషాలకు ఏడుపు మొదలవుతుంది, పదో నిమిషానికి ఎవరో ఒకరి చంకలో ఉంటాడు. అందుకని ఇక్కడ లెక్క రెండో వైపు నుంచి మొదలుపెడదాం. జబ్బు ఎవరికి తగలకూడదో ముందు తేల్చుకుని, వాళ్లను పక్కకు తప్పిద్దాం.

దీని వెనక ఉన్న సంగతి కొంచెమే చెబుతాను. చిన్నపిల్లల ఒంటికి చాలా వైరస్‌లు కొత్త. కాబట్టి తరచుగా అంటుకుంటాయి, పెద్దవాళ్లకంటే ఎక్కువ రోజులు వాళ్ల నుంచి బయటికి వస్తుంటాయి. పైగా ముక్కు తుడుచుకున్న చేత్తోనే ఇల్లంతా ముట్టుకుంటారు. జబ్బు ముదిరే ప్రమాదం మాత్రం వయసు రెండు కొసల్లో ఎక్కువ: ఒకవైపు ఏడాది నిండని పిల్లలు, మరోవైపు 65 దాటినవాళ్లు. జపాన్‌లో 1960ల నుంచి బడిపిల్లలకు ఫ్లూ టీకాలు వేశారు. ఆ ఏళ్లలో చలికాలపు మరణాలు, ముఖ్యంగా ముసలివాళ్లవి, తగ్గాయి. 1994లో ఆ కార్యక్రమం ఆపేశాక మళ్లీ పెరిగాయి. మనవళ్లకు వేసిన టీకా తాతలకు పనికొచ్చిందన్నమాట.

ఇంకో మాట. డెంగీ, చికున్‌గున్యా కూడా వైరస్ జ్వరాలే, కానీ అవి దగ్గితేనో ముట్టుకుంటేనో రావు, దోమ కుట్టాలి. ఆ జ్వరమని తేలితే గదులు మార్చే హడావుడి అక్కర్లేదు. జ్వరమున్న మనిషిని దోమ కుట్టకుండా చూడండి, చాలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిజిటల్ థర్మామీటర్, కుదిరితే రెండు (ఒకటి జబ్బు మనిషికి, ఒకటి మిగతావాళ్లకి)
- పల్స్ ఆక్సిమీటర్ (వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేది)
- ముక్కు, గడ్డం పట్టి ఉండే మాస్కులు. పెద్దవాళ్లకి, సేవ చేసేవాళ్లకి ఎన్95 అయితే మేలు
- సబ్బు, కనీసం 60% ఆల్కహాల్ ఉన్న శానిటైజర్
- బ్లీచ్ ద్రావణం (సీసా మీద శాతం రాసి ఉన్నది)
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పారాసిటమాల్
- సెకన్ల ముల్లున్న గడియారం లేదా ఫోన్
- ఒక కాగితం, పెన్ను

చివరిది చూసి నవ్వకండి. మూడో రోజుకి ఎవరికి ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఒక్కరికీ గుర్తుండదు.

1. అందరి పేర్లూ, వయసులూ రాయండి

కాగితం మీద ఇంట్లోవాళ్లందర్నీ వరసగా రాసి, ఈ కిందివాళ్ల పేర్ల పక్కన ఎర్ర చుక్క పెట్టండి: ఏడాదిలోపు పిల్లలు (మూడు నెలల్లోపైతే రెండు చుక్కలు), 65 దాటినవాళ్లు, గర్భిణులు, షుగరు, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, క్యాన్సర్ మందులో స్టెరాయిడ్లో వాడుతున్నవాళ్లు. టీకాలు పూర్తికాని పిల్లలకూ ఒక చుక్క.

అందరూ బాగున్న రోజునే పెద్దవాళ్ల టెంపరేచర్ ఒకసారి చూసి రాసి పెట్టుకోండి. వయసు పెరిగేకొద్దీ ఒంటి వేడి మామూలుగానే కొంచెం తక్కువగా ఉంటుంది. ఎప్పుడూ 97 ఉండే మనిషికి 99 వచ్చిందంటే అది ఆయన లెక్కలో జ్వరమే. ఈ అంకె ముందే చేతిలో లేకపోతే, ఆ రోజు "నార్మలేగా" అనుకుని వదిలేస్తారు.

2. జబ్బు ఏ రకమో అంచనా వేయండి

పేరు తేల్చడం డాక్టరు పని. మీకు కావాల్సింది రకం ఒక్కటే, ఎందుకంటే దాన్ని బట్టే రోజుల లెక్క మారుతుంది.

*దగ్గు, జలుబు, జ్వరం:* ఫ్లూ అయితే అంటుకున్నాక 1 నుంచి 4 రోజుల్లో బయటపడుతుంది. పెద్దవాళ్ల నుంచి లక్షణాలు మొదలవడానికి ఒక రోజు ముందు నుంచే, ఆ తర్వాత 5 నుంచి 7 రోజుల దాకా అంటుకుంటుంది. చిన్నపిల్లల్లో ఇది పది రోజులు దాటొచ్చు. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ మధ్యవయసువాళ్లలో మామూలు జలుబులా పోతుంది. రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి పిల్లకీ ఒకసారైనా వస్తుంది. ఆరు నెలల్లోపు పిల్లలకు, ముసలివాళ్లకు మాత్రం ఊపిరి తీసుకోవడం కష్టం చేస్తుంది. "ఉత్త జలుబే" అని ఇంటికొచ్చిన బంధువు పాపను ముద్దుపెట్టుకోవడం నాకు అస్సలు నచ్చని పని, కారణం ఈ వైరసే.

*వాంతులు, విరేచనాలు:* నోరోవైరస్ అయితే 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది. మనిషి లేచి తిరుగుతున్నా రెండు వారాలు, అంతకంటే ఎక్కువ కూడా, మలంలో వైరస్ పోతూనే ఉంటుంది.

*ఒంటి మీద పొక్కులు, దద్దుర్లు:* ఇక్కడ వయసు లెక్క తారుమారవుతుంది. ఆటలమ్మ చిన్నపిల్లల్లో సాధారణంగా తేలిగ్గా పోతుంది, చిన్నప్పుడు రాని పెద్దవాళ్లలో న్యుమోనియా దాకా పోవచ్చు. గర్భిణికి, అప్పుడే పుట్టిన బిడ్డకి మరీ ప్రమాదం. తట్టు అయితే రోగి గది నుంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు. టీకా పడనివాళ్లు దగ్గర్లో ఉంటే పదిమందిలో తొమ్మిదిమందికి వస్తుంది. ఈ రెండిట్లో ఏదని అనుమానమున్నా, ఇంట్లో గర్భిణి, నెలల పిల్లలు, టీకా పడనివాళ్లు ఉంటే అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయండి. తట్టు సోకే వీలున్నవాళ్లకి 72 గంటల్లోపు టీకా, కొందరికి 6 రోజుల్లోపు ఇమ్యూనోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) వేసే వీలుంది. గడువు దాటితే ఆ దారి మూసుకుపోతుంది.

కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ కూడా ఇలాంటిదే. ఆరేళ్లలోపు పిల్లల్లో చాలామందికి కళ్లు పచ్చబడవు, అసలు జబ్బున్నట్టే తెలియదు. వాళ్ల నుంచి అంటుకున్న తండ్రి మాత్రం వారాల తరబడి మంచం ఎక్కుతాడు.

3. ఎవరు కదలాలో తేల్చండి

*ఐదేళ్లలోపు పిల్లలకి వస్తే:* పిల్లను ఒంటరిగా పెట్టే ప్రయత్నం మానేయండి. ఒక పెద్ద మనిషిని తోడుంచి ఇద్దరికీ ఒక గది ఇవ్వండి. ఎర్ర చుక్క ఉన్నవాళ్లు ఆ గది వైపు రాకూడదు. వీలుంటే ఆ వారం తాతగారో నాయనమ్మో ఇంకో బిడ్డ ఇంట్లో ఉండొచ్చు. కానీ జ్వరం మొదలవక ముందు రోజు పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంటే, ఆ ఇంటికి వైరస్‌ను మోసుకెళ్లే అవకాశం ఉంది. అక్కడ కూడా చంటిబిడ్డ ఉంటే పంపకండి.

*ఇల్లంతా ఒకటే గదైతే:* ముసలివాళ్ల పక్కను గాలి లోపలికొచ్చే కిటికీ వైపు వేయండి, పిల్లాడి పక్కను గాలి బయటికి పోయే వైపు. మధ్యలో వీలైనంత దూరం ఉండాలి, ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకోవాలి. మెలకువగా ఉన్నంతసేపూ పెద్దవాళ్లు మాస్కు పెట్టుకోవాలి. రెండేళ్లలోపు పిల్లలకు మాస్కు పెట్టకండి, ఊపిరాడకపోతే వాళ్లు తీసేసుకోలేరు.

*బడి వయసు పిల్లలకి వస్తే:* కొంతవరకు మాట వింటారు. వేరే పడక, వేరే గ్లాసు, గది దాటితే మాస్కు. టీవీ హాల్లో ఉంటే మాత్రం ఈ ఏర్పాటు సాయంత్రం దాకా కూడా నిలవదు. వాళ్లకు కావాల్సింది గదిలోకే చేర్చండి.

*పాలిచ్చే తల్లికి వస్తే:* ఇక్కడే అందరూ కంగారుపడి తప్పు చేస్తారు. జలుబుకో ఫ్లూకో కోవిడ్‌కో పాలు మాన్పించకండి. తల్లి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు పాలతో పాటే బిడ్డకు అందుతాయి. పాలిచ్చే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని పాలివ్వాలి. తర్వాత బిడ్డను ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చేతికివ్వాలి. తల్లి లేవలేని స్థితిలో ఉంటే పిండిన పాలు ఇంకొకరు పట్టొచ్చు. ఆటలమ్మ లాంటివైతే డాక్టరును అడగాలి.

*మధ్యవయసువాళ్లకి వస్తే:* విడిగా ఉంచడం వీళ్లనే తేలిక, మాట విననిది కూడా వీళ్లే. "నాకేం కాలేదు" అంటూ వంటింట్లో తిరుగుతుంటారు. పని పూర్తిగా వేరేవాళ్లకు అప్పగించి, గది, వీలైతే బాత్‌రూమ్, విడిగా ఇవ్వండి.

*పెద్దవాళ్లకి వస్తే:* గదిలో పెట్టి తలుపు మూసేసి, భోజనం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేయడం ప్రమాదం. వయసు మీద పడ్డాక దాహం సరిగా తెలియదు. జ్వరంలో నీరసపడి బాత్‌రూమ్‌కి వెళ్తూ పడిపోతారు. పగలు రెండు మూడు గంటలకోసారి ఒకరు మాస్కుతో లోపలికెళ్లి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి రావాలి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు ఇంతే తాగాలని డాక్టరు చెప్పి ఉంటే ఆ కొలత దాటకండి.

పెద్దవాళ్ల నుంచి పిల్లలకు వచ్చేదీ ఒకటుంది: సర్పి, అంటే షింగిల్స్. ఎప్పుడో వచ్చిపోయిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాగి, వయసు పైబడ్డాక నడుం మీదో ముఖం మీదో పొక్కులుగా లేస్తుంది. ఆ పొక్కుల నీరు తగిలితే, ఆటలమ్మ రాని మనవడికి వచ్చేది సర్పి కాదు, ఆటలమ్మే. పొక్కులు ఎండి చెక్కు కట్టేదాకా గుడ్డతో కప్పి ఉంచాలి, పిల్లల్ని ఎత్తుకోకూడదు.

4. సేవకు ఒక్కరినే పెట్టండి

ఆ ఒక్కరూ ఎర్ర చుక్క లేనివాళ్లయి ఉండాలి. జబ్బు పిల్లాణ్ని నాయనమ్మకు అప్పగించి తల్లిదండ్రులు పనికి పోవడం ఎంత మామూలో, నా లెక్కలో అంత చెడ్డ ఏర్పాటు. ఇంట్లో ఎక్కువగా అంటించగలిగే మనిషినీ, తట్టుకునే శక్తి తక్కువున్న మనిషినీ రోజంతా కలిపి కూర్చోబెట్టినట్టు. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టలేకపోతే సగం పూట చొప్పున పంచుకోండి. అదీ కుదరకపోతే నాయనమ్మకు ఎన్95 ఇచ్చి, కిటికీలు తెరిచి ఉంచండి. పిల్లాడు తినగా మిగిలింది తను తినే అలవాటుంటే ఆ వారం మాన్పించండి. ఆ పొరపాటు తల్లిదండ్రులూ చేస్తారు, అదే స్పూనుతో.

గర్భిణి ఉన్న ఇంట్లో చిన్నపిల్లల చొంగ, ముక్కు, డైపర్ పనులు ఇంకొకరు చూసుకుంటే మంచిది. పిల్లల్లో ఏ లక్షణమూ చూపించని కొన్ని వైరస్‌లు కడుపులో బిడ్డకు హాని చేయగలవు.

5. గాలి ఆడనివ్వండి

ఎదురెదురు కిటికీలు తెరవండి. ఒకటే కిటికీ ఉంటే, టేబుల్ ఫ్యాన్‌ను గాలి బయటికి పోయేలా కిటికీ వైపు తిప్పి పెట్టండి. రోగి మీదుగా వీచి పక్కవాళ్ల మీదికొచ్చేలా ఫ్యాన్ పెట్టకూడదు. నెబ్యులైజర్ (మందును పొగమంచులా చేసి పీల్పించే మిషన్) వాడాల్సి వస్తే ఎర్ర చుక్కవాళ్లు లేని గదిలోనే. ఆవిరి పట్టడం పిల్లలకు వద్దు, వేడినీళ్లు ఒంటి మీద పడి కాలిన కేసులు ఎక్కువ.

6. చేతులు, ముక్కు, వాంతి

చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగాలి. ముక్కు తుడిచాక, డైపర్ మార్చాక, పెద్దవాళ్లకు మందులిచ్చే ముందు తప్పనిసరి.

వాంతుల జబ్బయితే శానిటైజర్‌ను నమ్ముకోకండి, నోరోవైరస్ మీద అది సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్లే. వాంతి పడిన చోట ముందు పేపర్ టవల్‌తో తీసేసి, తర్వాత బ్లీచ్ నీళ్లు పోసి కనీసం ఐదు నిమిషాలు ఉంచి తుడవాలి. 5% బ్లీచ్ అయితే లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు కనీస మోతాదు, బాగా ఖరాబైన చోట 100 మిల్లీలీటర్ల దాకా వెళ్లొచ్చు. గ్లవ్స్ వేసుకోండి. టాయిలెట్ క్లీనర్లు, యాసిడ్, అమ్మోనియా ఉన్నవి బ్లీచ్‌తో కలపొద్దు. విషవాయువు వస్తుంది.

7. వయసును బట్టి గమనించండి

అందరికీ ఒకే థర్మామీటర్ అంకె పెట్టుకుని చూడటం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 ఫారెన్‌హీట్ వస్తే ఇంట్లో మందు వేసి చూద్దామనుకోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చంకలో పెట్టి చూస్తే అసలు కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి 99 దాటినా డాక్టరుకి ఫోన్ చేయండి. ఒళ్లు చల్లబడినా, పాలు తాగకపోయినా, లేపినా మత్తుగా ఉన్నా జ్వరం లేదని ఆగకండి.

పిల్లల ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. నిద్రలోనో ప్రశాంతంగా ఉన్నప్పుడో బట్ట పైకెత్తి, పొట్ట లేవడాన్ని నిండు నిమిషం పాటు లెక్కించాలి. 2 నెలల్లోపు 60, 2 నుంచి 11 నెలల దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40. ఆ అంకెకు చేరినా దాటినా ఊపిరి వేగంగా ఉన్నట్టే, డాక్టరుకు చూపించాలి. డొక్కలు లోపలికి గుంజుకుంటున్నా, పెదాలు నీలంగా మారినా లెక్కపెడుతూ కూర్చోకుండా బయల్దేరండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం చంటిపిల్లల దగ్గర పనికిరాదు, వాళ్ల ఊపిరి ఒకే తీరున ఉండదు. మాడు గుంటపడటం, కన్నీళ్లు లేని ఏడుపు, ఆరేడు గంటలుగా తడవని డైపర్ ఒంట్లో నీరు తగ్గిందనడానికి గుర్తులు.

పెద్దవాళ్లలో జ్వరం అసలు కనిపించకపోవచ్చు. నిన్నటి దాకా బాగున్న మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడటం, భోజనం వద్దనడం, ఉన్నట్టుండి పడిపోవడం, రోజంతా నిద్రపోవడం కనిపిస్తే "వయసు కదా" అని సరిపెట్టుకోకండి. 100 దాటితేనో, మీరు రాసి పెట్టుకున్న మామూలు అంకె కంటే 2 డిగ్రీలు పెరిగితేనో జ్వరంగా లెక్కించండి. ఆక్సిజన్ 94 కంటే తగ్గి అలాగే ఉంటే డాక్టరుకి ఫోన్, 90కి వస్తే అత్యవసరం. ఆక్సిమీటర్ పెట్టే ముందు చెయ్యి వెచ్చగా ఉందో లేదో చూడండి, గోళ్ల రంగు తీసేసి, అంకె కుదురుకునే దాకా ఒక నిమిషం ఆగండి.

ఫ్లూ అనుమానమున్న ఎర్ర చుక్కవాళ్లను మొదటి 48 గంటల్లోపే డాక్టరుకు చూపించండి. ఫ్లూకి వాడే యాంటీవైరల్ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత బాగా పనిచేస్తుంది.

8. మందుల దగ్గర జరిగే పొరపాట్లు

పారాసిటమాల్ వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం, రోజుకి నాలుగుసార్లకు మించకుండా. పది కిలోల పిల్లకు ఒక విడతకు 100 నుంచి 150 మిల్లీగ్రాములు. చుక్కల మందు, సిరప్ ఒకే బలంతో ఉండవు. సీసా మార్చిన ప్రతిసారీ లేబుల్ చదివి మళ్లీ లెక్క వేయండి. మూడు నెలల్లోపు బిడ్డకు డాక్టరు చెప్పకుండా వేయొద్దు.

పెద్దవాళ్లు జలుబు మాత్ర వేసుకుని, జ్వరానికి ఇంకోటి వేసుకుంటారు. చాలా జలుబు మాత్రల్లో పారాసిటమాల్ ముందే ఉంటుంది. 18 ఏళ్లలోపు వాళ్లకు ఫ్లూలో, ఆటలమ్మలో ఆస్పిరిన్ ఇవ్వకూడదు, మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రై సిండ్రోమ్ రావచ్చు. నాలుగేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు వద్దు. ఏడాదిలోపు తేనె నాకించొద్దు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. ఇంట్లో మిగిలి ఉందని అసలే మొదలుపెట్టకండి.

9. ఎప్పుడు కలవనివ్వాలి?

జ్వరం తగ్గగానే పిల్లాడు పరుగెత్తుకెళ్లి తాత ఒళ్లో వాలడం చాలా ఇళ్లలో రెండో విడతకు కారణం. దగ్గు, జ్వరాలకైతే మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి, మిగతా లక్షణాలు కూడా తగ్గుముఖం పట్టాలి. ఆ తర్వాత ఐదు రోజులు మామూలుగా తిరగొచ్చు గానీ, ఎర్ర చుక్కవాళ్ల దగ్గర మాస్కు, దూరం పాటించాలి. ఐదేళ్లలోపు పిల్లలకు నేనైతే పది రోజులు లెక్కపెడతాను. వాంతులు, విరేచనాలైతే చివరిది ఆగాక 48 గంటల దాకా ఆ మనిషి వంట చేయకూడదు. ఆటలమ్మకు అన్ని పొక్కులూ చెక్కు కట్టాలి. తట్టుకు దద్దుర్లు వచ్చాక నాలుగు రోజులు.

10. ఫలించిందో లేదో కాగితం చూసి చెప్పండి

ప్రతి పేరు పక్కనా లక్షణాలు మొదలైన తేదీ రాస్తూ వచ్చారు కదా, ఇప్పుడు చూడండి. ఫ్లూ లాంటి జ్వరంలో రెండో మనిషికి అదే రోజు మొదలైతే, ఇద్దరూ బయట ఒకే చోట అంటించుకుని ఉండొచ్చు. మీ ఏర్పాటు విఫలమైనట్టు కాదు. రెండు నుంచి నాలుగు రోజుల తర్వాతైతే ఇంట్లోనే అంటుకుంది, బహుశా మీరు జాగ్రత్త మొదలుపెట్టక ముందే. గదులు వేరు చేసి నాలుగు రోజులు దాటాక కొత్తవాళ్లకి వస్తే మాత్రం ఎక్కడో కన్నం ఉంది: భోజనం దగ్గరా, బాత్‌రూమ్ తువ్వాలా, రాత్రి పూట ఎవరి పక్కలోకి ఎవరు దూరుతున్నారు? ఇంటిల్లిపాదికీ ఒకే పూట వాంతులు మొదలైతే ముందు అందరూ కలిసి తిన్నదాన్ని అనుమానించండి.

లక్షణాలు లేకపోతే సోకలేదని కాదు, పిల్లల్లో మరీను. ఎర్ర చుక్కవాళ్లకు ఏమీ రాకుండా, చివరి రోగి నుంచి దూరం తీసేయొచ్చన్న రోజు తర్వాత, ఫ్లూ లాంటి జ్వరానికైతే ఇంకో నాలుగు రోజులు (ఆటలమ్మకైతే 21 రోజులు) గడిస్తే ఈ విడత దాటినట్టే. మధ్యవయసువాళ్లు ఇద్దరు ముగ్గురు పడ్డా, పాపకీ మామగారికీ రాకపోతే దాన్ని నేను విజయం కిందే రాస్తాను.

కాగితం పారేయకండి. వచ్చే నెల పిల్లాడు బడి నుంచి ఇంకో జలుబు తెస్తాడు, అప్పుడు మొదటి అడుగు అప్పటికే పూర్తయి ఉంటుంది. ఆలోపు ఆరు నెలలు దాటిన అందరికీ ఫ్లూ టీకా గురించి డాక్టరుతో మాట్లాడండి. ఆరు నెలల్లోపు బిడ్డకు ఆ టీకా వేయరు, తల్లి గర్భంతో ఉన్నప్పుడు వేయించుకుంటే ఆ రక్షణ బిడ్డకూ అందుతుంది.